బార్ లేని సైకిల్ ఎవరిది?



ఈ నెల సంపాదకీయం పాత లేడీస్ సైకిళ్ళ గురించి. సామాజిక న్యాయం కోసం నడిచే పత్రికలో సైకిల్ రిపేరు ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి.

పాత సైకిళ్ళను వెతికి బాగుచేయించే సరదా ఈ మధ్య మన నగరాల్లో పెరిగింది. పుణెలో విక్రమ్ పెండ్సే గారి సైకిల్ మ్యూజియం చూడటానికి జనం వెళ్తున్నారు. ముంబయి చోర్ బజార్‌లోనూ, పుణె జూనా బజార్‌లోనూ పాత ర్యాలీ, హంబర్, ఫిలిప్స్ ఫ్రేముల కోసం తిరిగేవాళ్ళు కనిపిస్తారు. ఇది మంచి అలవాటే. పనికొచ్చే వస్తువును తుక్కులో పారేయకుండా నిలబెట్టడం సృష్టిని గౌరవించే పని. అయితే మెరుగుపెట్టిన తర్వాత ఆ సైకిల్ ఎక్కడికి చేరుతోంది? కాఫీ హోటలు గోడకో, ఫొటో స్టూడియోకో, ఎవరి వరండాలోకో. ముఖ్యంగా లేడీస్ సైకిల్‌కు ఈ గతి ఎక్కువ పడుతోంది. బుట్టలో పూలు పెట్టి నిలబెడితే అందంగా ఉంటుంది కదా! దాని సీటు మీద మాత్రం ఎవరూ కూర్చోరు.

బైబిల్లో పునరుద్ధరణ అంటే మెరుగు పెట్టడం కాదు. జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదాన్ని నాలుగంతలుగా తిరిగి ఇస్తానన్నాడు. ఎవరిది వారికి చేరినప్పుడే పునరుద్ధరణ పూర్తవుతుంది. ఈ కొలతతో చూస్తే, లేడీస్ సైకిల్‌ను బాగుచేయడం అంటే దాని మీద ఒక స్త్రీ మళ్ళీ కూర్చుని తన పని మీద తాను వెళ్ళగలగడం. అంతవరకు అది సగం రిపేరే.

ఈ సైకిల్ తయారీ వెనుక ఉన్న ఆలోచనను ఒకసారి చూద్దాం. మామూలు సైకిల్‌కు సీటు కింద నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా ఒక బార్ ఉంటుంది. ఎక్కాలంటే కాలు పైకెత్తి వెనక నుంచి తిప్పాలి. చీర కట్టుకున్న మనిషికీ, మోకాళ్ళ నొప్పులున్న మనిషికీ అది పెద్ద అడ్డు. 1880ల చివర ఇంగ్లండులోని సైకిల్ తయారీదారులు ఆ బార్‌ను కిందికి వంచి, ముందు నుంచే అడుగువేసి ఎక్కే ఫ్రేమును తయారుచేశారు. బట్ట చైనులో పడకుండా నిండు చైన్ కవర్, వెనక చక్రంలో చిక్కుకోకుండా మడ్‌గార్డు నుంచి ఇరుసు దాకా వల అమర్చారు. శరీరాన్నీ, బట్టనూ మార్చుకోమని స్త్రీని అడగకుండా యంత్రమే మారింది. అందులో ఉన్న న్యాయం చిన్నది కాదు.

అమెరికాలో మద్యపాన నిషేధం కోసం పోరాడిన క్రైస్తవ మహిళా సంఘానికి అధ్యక్షురాలైన ఫ్రాన్సెస్ విలార్డ్ 53 ఏళ్ళ వయసులో సైకిల్ నేర్చుకుంది. ఆ అనుభవాన్ని 1895లో ‘ఎ వీల్ వితిన్ ఎ వీల్’ అనే పుస్తకంగా రాసింది. ఆ పేరు యెహెజ్కేలు గ్రంథం మొదటి అధ్యాయంలోని చక్రాల దర్శనం నుంచి తీసుకున్నదే. మన పండిత రమాబాయి కూడా 1886–88 మధ్య అమెరికాలో ఉన్న కాలంలో ఈ సంఘంతో కలిసి పనిచేసింది. ఈ కథకు రెండో పక్క కూడా ఉంది. నల్లజాతి ప్రజల మీద జరుగుతున్న మూకహత్యల విషయంలో విలార్డ్ మాటలు తెల్లవారి దురభిప్రాయాలకే ఊతమిచ్చాయని నల్లజాతి జర్నలిస్టు ఐడా బి. వెల్స్ 1894లో ఇంగ్లండు గడ్డ మీద నిలదీసింది. చక్రం స్వేచ్ఛ తెచ్చిందంటే సరిపోదు. ఎవరికి తెచ్చిందని కూడా అడగాలి.

మన దేశంలో ఆ ప్రశ్నకు కులం జవాబు చెబుతుంది. దళితులు ఊరిలోని పెద్ద కులాల వీధిలోంచి వెళ్ళాలంటే సైకిల్ దిగి, దాన్ని చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ పోవాలన్న కట్టుబాటు తమిళనాడు గ్రామాల్లోనూ, తెలుగు గ్రామాల్లోనూ ఉండేది. చెప్పులు విప్పించిన చేతులే సైకిల్ కూడా దింపించాయి. మగవాణ్ణే దింపిన వీధిలో దళిత స్త్రీ సైకిల్ మీద కూర్చుని బెల్ కొడుతూ పోవడం ఎవరి ఊహకూ అందని సంగతి. మన తాతముత్తాతల్లో ఎందరో ఊరు విడిచి బెంగళూరుకో, మద్రాసుకో, కోలారు గనులకో, షోలాపూర్ మగ్గాలకో చేరడంలో కూలి ఒక కారణమైతే, ఈ దిగి నడిచే బతుకు మరో కారణం. ఆ సంగతి మనం మరిచిపోకూడదు.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఈ కట్టును తెంచి చూపింది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం ‘అరివొళి ఇయక్కం’ మొదలైనప్పుడు, కలెక్టరు షీలా రాణి చుంకత్ ప్రోత్సాహంతో చదువుతోపాటు సైకిల్ కూడా నేర్పారు. పొలం కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టే స్త్రీలు, ఊరి నర్సులు, టీచర్లు చక్రమెక్కారు. ఏడాదిన్నరలో లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారని పి. సాయినాథ్ తన ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’ పుస్తకంలో రాశారు. వెక్కిరింతలు వచ్చాయి, నిందలు వచ్చాయి. వాళ్ళు మాత్రం దిగలేదు. లేడీస్ సైకిళ్ళు దొరక్క చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. బార్ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే ఇష్టపడ్డారు కూడా. ఈ చిన్న వివరం మనకు చాలా అవసరం, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆ తర్వాత ప్రభుత్వాలు కదిలాయి. తమిళనాడు 2001–02లో దళిత, ఆదివాసీ విద్యార్థినులతో మొదలుపెట్టి తర్వాత మిగతావారికీ సైకిళ్ళు పంచింది. బీహార్ 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిల్ కోసం 2000 రూపాయలు ఇచ్చింది. ఆ పథకం వల్ల హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందనీ, అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తల అధ్యయనం తేల్చింది. బడి మూడు కిలోమీటర్ల కంటే దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఫలితం ఎక్కువగా కనిపించింది.

కూతురికి ప్రభుత్వం సైకిల్ ఇచ్చింది. సంతోషం. ఆమె తల్లికి ఎవరిచ్చారు?

ఆ తల్లి ఎవరో మనకు బాగా తెలుసు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు చాలామంది. తెల్లవారకముందే లేచి మస్టర్ పడే చోటుకు చేరాలి. కోలారు గనులు 2001లో మూతపడ్డాక అక్కడి కుటుంబాల బతుకు బెంగళూరు రైలు మీద ఆధారపడింది. చీకట్లో ఇంటినుంచి స్టేషన్ దాకా నడక. షోలాపూర్‌లో బీడీలు చుట్టే మన స్త్రీలు చుట్టిన బీడీలు పట్టుకుని కార్ఖానాకు వెళ్ళి అప్పగించి రావాలి. అక్కడి బీడీ కార్మిక స్త్రీలు పోరాడి సాధించుకున్న పది వేల ఇళ్ళ కాలనీ నగరం బయట కుంభారి దగ్గర ఉంది. ఇల్లు వచ్చింది, దూరం కూడా వచ్చింది. చెన్నైలో నగరం మధ్యనున్న పేటలను ఖాళీ చేయించి కన్నగి నగర్, పెరుంబాక్కం లాంటి దూరపు చోట్లకు తరలించారు. పని మాత్రం పాతచోటే ఉండిపోయింది. యానాం సంగతి వేరు. ముప్పై చదరపు కిలోమీటర్ల డెల్టా నేల, ఎత్తుపల్లాలు లేని దారులు. సైకిల్‌కు అంతకంటే అనువైన ఊరు ఉంటుందా?

ఉచిత బస్సు ఉంది కదా అని అడిగేవారున్నారు. తమిళనాడులో 2021 నుంచి, కర్ణాటకలో 2023 నుంచి స్త్రీలకు మామూలు బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. అది గొప్ప మేలు. దాన్ని తక్కువ చేసేవారితో మనం ఏకీభవించం. అయితే మొదటి బస్సు రాకముందే పనికి చేరాల్సిన మనిషి ఏం చేయాలి? బస్సు ఆగే చోటినుంచి ఇంటిదాకా ఉన్న రెండు కిలోమీటర్లు ఎవరు మోస్తారు? బస్సు పెద్ద దూరాన్ని తగ్గిస్తుంది, సైకిల్ ఆ రెండు కొసలనూ కలుపుతుంది. స్కూటీ కొనుక్కోవచ్చు కదా అంటే, దానికి వాయిదాలు కట్టాలి, పెట్రోలు పోయాలి. నెల జీతం ఆలస్యమైతే రెండూ ఆగిపోతాయి.

ఇక ఈ సైకిళ్ళు ఎక్కడ దొరుకుతాయి? నాణెం పోగొట్టుకున్న స్త్రీ బజారుకు వెళ్ళలేదు. దీపం వెలిగించి తన ఇల్లే ఊడ్చింది. మనమూ అక్కడినుంచే మొదలుపెట్టాలి. పాత మిషన్ కాంపౌండ్లు, ఆసుపత్రుల షెడ్లు, బాలికల హాస్టళ్ళ స్టోరు గదులు, పాస్టరుగారి బంగళా వెనక వసారాలు, పర్లాకిమిడి నుంచి కోలారు దాకా, ఒకసారి తెరిచి చూడండి. వీధివీధికీ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలు, ఇంటింటికీ వెళ్ళి పురుడు పోసిన నర్సులు తమ పరిచర్యలో ఎంతదూరం నడిచారో, ఎంతదూరం తొక్కారో మన సంఘ చరిత్రలు సరిగా రాయలేదు. వారి సైకిల్ ఒక్కటైనా విరిగిన బల్లల కింద మిగిలి ఉంటే అది మన చరిత్ర పుస్తకంలోని ఒక పేజీ. కమిటీ దాన్ని కిలోల లెక్కన తుక్కువాడికి తూచకముందే మేలుకోండి.

దొరికే వాటిలో ఇంగ్లీషు ర్యాలీలూ, బీఎస్ఏలూ కొన్నే ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో తయారైనవే ఎక్కువ. మద్రాసు అంబత్తూరులో 1949లో పుట్టిన టీఐ సైకిల్స్, అసన్సోల్‌లోని సేన్-ర్యాలీ, సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానా హీరో, వీటన్నిటి లేడీస్ సైకిళ్ళూ మన ఇళ్ళలోకి వచ్చాయి. సేన్-ర్యాలీ కనుమరుగైంది. అట్లాస్ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసేసింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం! పని పోయిన కార్మికుల కన్నీళ్ళు కూడా ఆ పాత ఫ్రేముల మీద ఉన్నాయి. పేరును బట్టి విలువ కట్టకండి. ర్యాలీ అయినా అట్లాస్ అయినా తొక్కే మనిషికి ఒకటే.

పాతబజారులో కొనేటట్టయితే రసీదు అడగండి, ఫ్రేము నంబరు రాసుకోండి. దొంగసొత్తుతో దేవుని పని జరగదు.

చూసి ఎంచుకోవడంలో కొన్ని మెలకువలు ఉన్నాయి. పై బార్ లేదు కాబట్టి బరువంతా కింది గొట్టాల మీదే పడుతుంది. గొట్టాలు హ్యాండిల్ మెడ దగ్గరా, సీటు గొట్టం దగ్గరా కలిసే చోట పగులు, వాపు, వెల్డింగు అతుకులు ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి. వెనక ఇరుసు బిగించే చోట ఒక దారం కట్టి, మెడ గొట్టం చుట్టూ తిప్పి రెండో వైపుకు తెచ్చి కట్టండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం సమానదూరంలో ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. తేడా ఎక్కువగా ఉంటే వదిలేయడమే మంచిది. పైన పట్టిన తుప్పుకు భయపడనక్కరలేదు. పెడళ్ళ ఇరుసు ఉండే గూడులో నీరు నిలిచి లోపలినుంచి తిన్న తుప్పే ప్రమాదం.

సీటు రాడ్డు, హ్యాండిల్ రాడ్డు బిగుసుకుపోయి ఉంటే సుత్తి ఎత్తకండి. తుప్పు వదిలించే నూనె పోసి ఒకటి రెండు రోజులు ఓపిక పట్టండి. క్రాంకును పట్టి ఉంచే కాటర్ పిన్నును కింద ఆసరా లేకుండా కొడితే లోపలి బాల్స్ కూర్చునే కప్పులు దెబ్బతింటాయి. హబ్బులు, పెడళ్ళ గూడు విప్పి, కిరసనాయిలుతో కడిగి, కొత్త బాల్స్ వేసి గ్రీజు పెట్టించాలి. కొన్ని ఇంగ్లీషు సైకిళ్ళ వెనక హబ్ మీద స్టర్మీ-ఆర్చర్ అనే పేరు, దాని పక్కన తయారైన సంవత్సరం అంకెలు ఉంటాయి. అది మూడు గేర్ల హబ్ అయితే దానికి చిన్న మూత ఉంటుంది. అందులో నూనె చుక్కలు వేసి చూడండి, చాలాసార్లు అదే తిరిగి పనిచేస్తుంది. టైర్లు కొనేముందు పాత టైరు పక్కన అచ్చువేసిన కొలత రాసుకెళ్ళండి, ఎందుకంటే 26 అంగుళాలని చెప్పే చక్రాల్లోనే వేర్వేరు కొలతలున్నాయి. 28 అంగుళాల పెద్ద చక్రాల టైర్లు మామూలు సైకిల్ షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి. మెరుగు పోయిన హ్యాండిల్‌ను నలిపిన అల్యూమినియం కాగితం నీళ్ళలో ముంచి రుద్దితే తుప్పు వదులుతుంది. పాత పెయింటు, దాని మీది సన్నని బంగారు గీతలు ఉంటే గీకేయకండి. తుడిచి మైనం పూయండి, చాలు.

అందం కంటే ముందు ప్రాణం చూడాలి. రాడ్ బ్రేకుల రబ్బర్లు గట్టిపడి ఉంటే మార్చాలి. స్టీలు రిమ్ముల మీద వానలో ఆ బ్రేకులు ఆలస్యంగా పడతాయని తొక్కే మనిషికి ముందే చెప్పాలి. బెల్, ముందు లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, మంచి తాళం తప్పనిసరి. చీకట్లో రోడ్డెక్కే మనిషికి మనం ఇస్తున్నది ఇది. చైన్ కవర్, వెనక చక్రం వల పోయి ఉంటే మళ్ళీ పెట్టించండి. చాలామంది వాటిని బరువని ఊడదీస్తారు. చీర కొంగును కాపాడేవి అవే.

ఈ పని ఎవరితో చేయించాలి? చెట్టుకింద గొడుగు వేసుకుని కూర్చునే పాత సైకిల్ మేస్త్రీని వెతకండి. చక్రం బెండు చెవితో విని తీయగలిగినవాళ్ళు మన పేటల్లో ఇంకా కొందరు ఉన్నారు. వారి పనికి పూర్తి కూలి ఇవ్వండి. దేవుని పని కదా, ఉచితంగా చేసిపెట్టు అని అడగడం మన సంఘాల్లో ఉన్న చెడ్డ అలవాటు. పట్టిపెట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక చెబుతున్నది మన కమిటీలకు కూడా. వీలైతే ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల్ని ఆ మేస్త్రీ దగ్గర కూర్చోబెట్టి పంక్చరు వేయడం, చైను ఎక్కించడం నేర్పించండి. రిపేరు తెలిసిన స్త్రీ దారిలో ఎవరి దయకోసమూ నిలబడదు.

చివరిగా, ఇచ్చే పద్ధతి. ముందు ఆమెను అడగండి. పుదుక్కోట్టై స్త్రీలు కొందరు బార్ ఉన్న సైకిలే కావాలన్నారని పైన రాశాను. ఏ సైకిల్ కావాలో, ఎంత ఎత్తు కావాలో, అసలు సైకిల్ కావాలో వద్దో చెప్పాల్సింది ఆమె. ఇచ్చిన సైకిల్ ఆమె సొంతం కావాలి, భర్త పేరుమీదో సంఘం పేరుమీదో కాదు. చైన్ కవర్ మీద దాత పేరు రాయించకండి. వేదిక మీద నిలబెట్టి ఫొటోలు తీయకండి. నలభై, యాభై ఏళ్ళ స్త్రీలు నేర్చుకోవడానికి ఆదివారం సాయంత్రం చర్చి ఆవరణ తెరిచి ఉంచండి, గేటు బయట నిలబడి నవ్వేవారిని పంపించేయండి. సైకిల్ ఇచ్చామన్న సాకుతో ఆమె జీతం గురించి, పర్మనెంటు ఉద్యోగం గురించి, పనిచోట మరుగుదొడ్డి గురించి అడగడం మానకండి. సైకిల్ ఆ హక్కులకు బదులు కాదు. యూనియన్ మీటింగుకు ఆమె వేళకు చేరడానికి అది ఒక దారి.

పద్దెనిమిదేళ్ళు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు సమాజమందిరంలో అందరి ఎదుట పిలిచి నిటారుగా నిలబెట్టాడని లూకా సువార్త చెబుతుంది. అక్కడి అధికారికి కోపం వచ్చింది. ఒక స్త్రీ నిటారుగా నిలబడితే ఇప్పటికీ కొందరికి కోపం వస్తుంది. దిగి నడవమన్న వీధుల్లో మన అక్కలు, తల్లులు వీపు నిలబెట్టి, చూపు ముందుకు పెట్టి, బెల్ కొట్టుకుంటూ సాగిపోవాలి. దానికి కావలసిన ఇనుము మన సంఘాల షెడ్లలో ఎప్పటినుంచో పడి ఉంది. వచ్చే నెల కమిటీ మీటింగులో మొదటి అంశంగా ఆ షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి.

ప్రభువు మీ ప్రయాసను దీవించును గాక.